నవలలో తప్పుల పట్టిక

మార్చి 4, మంగళవారం

ఈ నోటుపుస్తకం లాండ్రీకి వేసే బట్టల లెక్క కోసం కొన్నది. ముందువైపు పేజీల్లో దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉంటాయి. ఈరోజు నుంచి పుస్తకాన్ని తిరగేసి వెనకవైపు నుంచి రాస్తున్నాను. ఇంట్లో ఎవరితోనూ అనలేని విషయం ఒకటి వచ్చి పడింది. అనకపోతే అన్నం సహించడం లేదు. అంటే ఇంట్లో నా మాట నిలబడదు. గోడలకి చెవులుంటాయంటారు, కాగితానికైతే ఉండవు.

ఆ విషయం ఒక నవల. డెబ్బై ఒకటో ఏట నవల చదివి మనిషి కలత పడిందంటే నాకే నవ్వొస్తోంది.

ఆదివారం మనవరాలు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ కాలేజీలో పాఠ్యపుస్తకమట. 312 పేజీలు. ఒక పేద కుటుంబం, ఒకే గది, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. "దీని మీద వ్యాసం రాయాలి నానమ్మా. నువ్వే దిద్దాలి, కాబట్టి నువ్వూ చదువు" అంది. ఇప్పటికి 96 పేజీలయ్యాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు అడిగాడు. "ఎలా ఉందమ్మా?"

"అతి" అన్నాను. "రాసినావిడకి విషయం తెలియదు. అన్నీ తప్పులు."

"నవల్లో తప్పులేంటమ్మా? అదేమన్నా ఆడిట్ రిపోర్టా?"

అందరూ నవ్వారు. కోడలు గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె కంచంలో రెండు ముద్దలు మిగిలి ఉన్నాయి. "లేమిలో పెరిగినవాళ్ళకి తిండి విలువ తెలుస్తుందంటారు, ఏం తెలుస్తుందో" అన్నాను. కోడలు ఆ రెండు ముద్దలూ తినేసి లేచింది. మనవరాలు, "మన ఇంట్లో చీమలు కూడా పస్తులే" అంది. నేను మెతుకు మిగలనివ్వనని ఇంట్లో అది పాత జోకు.

కళ్ళు ఎర్రగా ఉన్నాయేమని కోడలే తర్వాత అడిగింది. సబ్బు పడిందన్నాను.

మార్చి 5, బుధవారం

వ్యాసానికి పనికొస్తాయని తప్పుల పట్టిక రాసిస్తానన్నాను. ఇది చిత్తుప్రతి.

పేజీ 23. బడిలో అందరూ భోజనం డబ్బాలు విప్పుకుంటుంటే, తెచ్చుకోని పిల్ల ఓ మూల ఒంటరిగా కూర్చుంటుంది. తప్పు. ఒంటరిగా కూర్చుంటే అందరి కళ్ళూ పడతాయి. కుళాయి దగ్గర వరసలో నిలబడాలి. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళని "నువ్వు తాగు, ముందు నువ్వు తాగు" అని పంపిస్తూ ఉండాలి. గంట కొట్టేదాకా గడిచిపోతుంది. పైపెచ్చు మంచిపిల్ల అని పేరొస్తుంది.

పేజీ 41. పిల్లకున్న ఒక్క జత బట్టలూ తల్లి ఉతికి వీధిలో తాడు మీద ఆరేసింది. తప్పు. వీధిలో ఆరేస్తే ఉన్నది ఒకటేనని వీధికంతా తెలుస్తుంది. లోపల పొయ్యి గోడకి అంటించి ఆరబెడతారు. సగం ఆరాక మడత పెట్టి, చాప కింద వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి ఇస్త్రీ అవుతుంది. అప్పటిదాకా పిల్లకి దుప్పటి చుట్టి, ఎవరైనా వస్తే జ్వరమని చెబుతారు.

పేజీ 58. ఆకలికి చిన్నపిల్ల ఏడుస్తుంది. తప్పు. ఏడవడానికి ఓపిక కావాలి. ఆకలేస్తే పిల్లలు అలుగుతారు. ఏ కారణమూ లేకుండా అలిగి గోడవైపు తిరిగి పడుకుంటారు.

దీన్ని చీటీ మీద ఎత్తి రాసి మనవరాలికిచ్చాను. చదివి నా మొహంలోకి చూసింది. "ఇవన్నీ నీకెలా తెలుసు నానమ్మా?"

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆడిట్ పని మీద ఎన్ని ఊళ్ళు తిరిగాను! కళ్ళు తెరుచుకుని తిరిగితే అన్నీ తెలుస్తాయి."

నమ్మింది.

మార్చి 6, గురువారం

నవల ముట్టుకోలేదు. దుప్పట్లు 6, గలీబులు 8, తువ్వాళ్ళు 9 లాండ్రీకి వెళ్ళాయి.

(ఇది ముందువైపు రాయాల్సింది. చెయ్యి ఇటు వచ్చింది.)

మార్చి 7, శుక్రవారం

నెలలో మొదటి శుక్రవారం. సూదమ్మ వచ్చే రోజు.

ఆ పేరు ఇంట్లోవాళ్ళు పెట్టింది. వయసు డెబ్బై ఐదు. చిరిగినవీ, గుండీలు ఊడినవీ నెలంతా ఒక సంచిలో వేసి ఉంచుతాం. ఆమె వెనక వరండాలో పీట వేసుకుని అవన్నీ కుట్టి సాయంత్రానికి వెళ్ళిపోతుంది. మా పుట్టింట్లో పనిచేసిన మనిషని, నా పెళ్ళికి ముందునుంచీ తెలుసునని ఇంట్లో చెప్పి ఉంచాను. కోడలు ఆమెకి టీ ఇచ్చే గ్లాసు వరండా కిటికీలో వేరే ఉంటుంది.

ఈరోజు పన్నెండు సూదులు తెచ్చుకుంది. ఒక గుడ్డముక్కకి వరసగా గుచ్చి, అన్నిటికీ దారం ఎక్కించి ఉంది. మనవరాలు చూసి, "ఏంటి సూదమ్మా, బడిపిల్లల్లా వరసగా నిలబెట్టావు?" అంది.

"పక్కింటి పిల్ల ఎక్కించి పెట్టింది పాపా. ఈమధ్య నా కళ్ళకీ సూది బెజ్జానికీ మాటల్లేవు."

"అయితే నువ్వు కుట్టు, నేను నీకు కథ చదివి వినిపిస్తా. ఇది పేదవాళ్ళ కథ. పేదరికం అంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు సూదమ్మా. అదొక సామాజిక స్థితి. మనిషి తనని తాను చూసుకునే పద్ధతినే మార్చేస్తుంది. అర్థమవుతోందా?"

"అలాగా పాపా" అంది ఆమె, చాలా శ్రద్ధగా.

నేను హాల్లో డబ్బా బోర్లించి గుండీలు ఏరుతున్నాను. అక్కడికి అన్నీ వినిపిస్తాయి. మనవరాలు బాగా చదువుతుంది, నేనే నేర్పాను. నలభై ఒకటో పేజీ దగ్గరికి వచ్చేసరికి సూదమ్మ పకపకా నవ్వింది.

"ఎవరు పాపా ఇది రాసింది? వీధిలో ఆరేస్తారా ఎవరైనా? ఉన్నది ఒకటేనని చాటింపు వేసుకోడానికా? పొయ్యి గోడకి అంటించి, కాస్త ఆరాక చాప కింద వేసుకుని పడుకోడమే. పొద్దున్నకి ఇస్త్రీ!"

పుస్తకం మూసిన చప్పుడైంది. "నానమ్మ కూడా అచ్చం ఇదే చెప్పింది! చాప కింద ఇస్త్రీతో సహా!"

నా చెయ్యి గుండీల మీదే ఉండిపోయింది.

"మరి వారి పుట్టింట్లో పనిచేసేటప్పుడు నా పాట్లు అమ్మగారు చూసేవారు కదా పాపా" అంది సూదమ్మ. "చిన్నప్పటి నుంచీ వారికి అన్నీ జ్ఞాపకమే."

నేను లోపలి నుంచి, "గుండీలు పదకొండే ఉన్నాయి, పన్నెండోది ఏదీ?" అని గట్టిగా అరిచాను. పన్నెండు ఉండాలని ఎవరూ అనలేదు.

సాయంత్రం ఆమె వెళ్ళాక మనవరాలు వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని వచ్చింది. చెయ్యి దూర్చబోతే దూరలేదు. చిరుగుతో పాటు చేతి రెండు పొరలూ కలిపి కుట్టేసింది. పిల్ల ముందు నవ్వింది. తర్వాత ఆ కుట్టు వైపు చూస్తూ ఉండిపోయింది.

"నానమ్మా, ఆవిడకి కనిపించడం లేదు. వేళ్ళతో తడిమి కుడుతోంది. సోమవారం నేను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తాను. నువ్వు కూడా రా. నీకు తెలిసిన మనిషి కదా."

"తెలిసిన మనిషే" అన్నాను.

మార్చి 8, శనివారం

ఆమె మా అక్క.

మూడు మాటలు. రాయడానికి నలభై ఆరేళ్ళు పట్టింది.

రాశాను కాబట్టి మిగతాదీ రాస్తాను. మా నాన్న గోదాంలో బస్తాలు మోసేవాడు. గోదాం గుమాస్తా అని పెళ్ళివారికి చెప్పాను. గోదాం మాత్రం నిజం. అమ్మ పోయేసరికి నాకు ఏడు, అక్కకి పదకొండు. అక్క అయిదో తరగతి మధ్యలో మానేసి వీధి చివర టైలరు కొట్లో కాజాలు కుట్టడానికి చేరింది. నేను చదువుకున్నాను. క్లాసులో మొదటి స్థానం తప్పలేదు. ఇరవై రెండో ఏట ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నాన్న అప్పటికే లేడు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళ హాస్టల్లో గది తీసుకున్నాను.

ఒకరోజు ఆయన, వాళ్ళమ్మగారు నన్ను చూడడానికి ఆ గదికి వచ్చారు. చెప్పిన వేళకి ఒక గంట ముందే వచ్చారు. అక్క నా కిటికీ తెర కుడుతూ నేల మీద కూర్చుని ఉంది. చేతులకి సుద్దముక్క మరకలు, మోకాలి దగ్గర అతుకు. వాళ్ళమ్మగారు అడిగారు. "ఈవిడ ఎవరు?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేదని రాయబోయాను. ఆలోచించినా అదే అనేదాన్నేమో. "మా ఇంట్లో పనిచేసే మనిషి" అన్నాను.

అక్క నా వైపు చూడలేదు. సూది తెరకి గుచ్చి, లేచి వెళ్ళి, ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, తలుపు పక్కన నిలబడింది. వాళ్ళు వెళ్ళేదాకా నిలబడే ఉంది. వెళ్ళాక, "మంచివాళ్ళలాగే ఉన్నారు అమ్మగారూ" అంది. హాస్యానికి అంటోందనుకున్నాను. కాదు. ఎవరూ లేనప్పుడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది. నోటికి అలవాటు తప్పితే నలుగురిలో జారుతుందని.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నవి ఇవి. అక్క కూడా మా ఇంట్లో పనిచేసింది కదా, కాబట్టి పూర్తి అబద్ధం కాదు. ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, కాబట్టి అభ్యంతరం లేదు. ప్రతి నెలా పని ఇస్తూనే ఉన్నాను, కాబట్టి వదిలేయలేదు.

ఒకరి పద్దుల్లో ఇలాంటి సంజాయిషీలు కనిపిస్తే ఎర్రసిరాతో ఏం రాసేదాన్నో నాకు తెలుసు.

ఆయన పోయిన రోజున కూడా అక్క వచ్చింది. ఇల్లంతా జనం. నా పక్కన కూర్చోవడానికి ఆమెకి వరస లేదు. సాయంత్రం దాకా వెనక వరండాలో వచ్చినవాళ్ళు తాగిన గ్లాసులు కడిగింది. ఆ రోజు నాకోసం ఏడ్చినవాళ్ళలో సగంమంది పేర్లు కూడా నాకు తెలియవు.

మార్చి 10, సోమవారం

కంటి ఆసుపత్రి. పొడవాటి వరండా, ఆకుపచ్చ బల్లలు, గోడ మీద పెద్దవీ చిన్నవీ అక్షరాలు. అక్క పై వరస కూడా చదవలేకపోయింది. చదువు రాదు కాబట్టి అని మనవరాలు డాక్టరుకి చెప్పబోయింది. "పై అక్షరం నాకొచ్చు పాపా, అయిదో క్లాసు దాకా చదివా" అంది అక్క. మనవరాలికి ఈ సంగతి కొత్త.

ఎడమకన్ను పోయినట్టే. కుడికన్నుకి ఈ నెలలోనే ఆపరేషన్ చేయకపోతే అదీ దక్కదు. వచ్చే సోమవారం, పదిహేడున ఖాళీ ఉంది. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు ఒకరు ఇంట్లో ఉంచుకుని రోజుకి ఆరుసార్లు చుక్కలమందు వేయాలి. ఆ బాధ్యత తీసుకునేవారు ఫారం మీద సంతకం పెట్టాలి.

ఫారం నా చేతికిచ్చారు. చేతిరాత నాదే బాగుంటుందని మనవరాలు అంది. పేరు, వయసు, చిరునామా రాశాను. "రోగితో సంబంధం" అని ఒక గడి ఉంది. "యజమానురాలు" అని రాశాను.

నర్సు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. "యజమానురాలా? ఇది ఆపరేషన్ కాగితం అమ్మా, జీతాల కాగితం కాదు. రక్తసంబంధం ఎవరున్నారు?"

"ఎవరూ లేరా సూదమ్మా?" అంది మనవరాలు. "అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు?"

"ఒక చెల్లెలు ఉండేది పాపా."

పెన్ను నా చేతిలోనే ఉంది. మూత తీసే ఉంది.

"ఇప్పుడు లేదు" అంది అక్క.

"ఎవరూ లేనివాళ్ళ వరస వేరే ఉంది" అంది నర్సు. "రాసుకుంటాను. జూలైలో పిలుస్తారు. ఈలోపు పదిహేడుకి రక్తసంబంధం ఎవరైనా దొరికితే తీసుకురండి, ఆ ఖాళీ అలాగే ఉంచుతా."

మార్చి 11, మంగళవారం

సంబంధం: యజమానురాలు. అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి.

మార్చి 12, బుధవారం

నవల పూర్తి చేద్దామని కూర్చున్నాను. పేజీ 268 దాటలేదు.

అందులో తల్లి పనిచేసే చోటు నుంచి వస్తూ వీధి కుళాయి దగ్గర ఆగుతుంది. పెదాలు తడుపుకుని, గుమ్మంలో కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వస్తుంది. "నేను అక్కడ తినేశాను, మీరు తినండి" అంటుంది. చిన్నకూతురు కిటికీలోంచి కుళాయి దగ్గర అమ్మని చూసింది. చూసినట్టు చెప్పదు. కంచంలో సగం పక్కకి జరిపి, కడుపునొప్పి అంటుంది.

అలవాటుగా పట్టిక తీసి, "పేజీ 268. తప్పు." అని రాశాను. తప్పేమిటో రాయాలి. మూడుసార్లు చదివాను. తప్పు కనిపించలేదు.

మా అక్క రోజూ గుమ్మంలో మూతి తుడుచుకుంటూ వచ్చేది. "కొట్లో పెట్టారు బుల్లీ, నువ్వు తిను" అనేది. నేను తినేసేదాన్ని. అంతా తినేసేదాన్ని. ఆ టైలరు మంచివాడని, మా అక్కకి రోజూ భోజనం పెడతాడని బడిలో చెప్పుకునేదాన్ని కూడా.

ముప్పై ఒక్క ఏళ్ళు రసీదు లేని ఒక్క పద్దుని నేను ఒప్పుకోలేదు. పెద్ద పెద్ద ఆఫీసర్లు నా బల్ల ముందు నిలబడి నీళ్ళు నమిలారు. ఈ ఒక్క మాటకి రసీదు అడగాలని నాకెప్పుడూ తోచలేదు. కిటికీలోంచి చూడాలని కూడా. ఆ నవలలో పిల్లకి ఆరేళ్ళు. ఆ పిల్లకున్న బుద్ధి నాకు ఈ వయసుకి కూడా రాలేదు.

పట్టికలో ఆ చివరి వరస కొట్టేశాను.

మార్చి 13, గురువారం

అక్క గదికి వెళ్ళాను. అక్కడ ఉంటున్నది పంతొమ్మిదేళ్ళుగా. నేను వెళ్ళడం మొదటిసారి. చిరునామా ఫారంలో రాయడం వల్లే తెలిసింది.

పాతసామాన్ల కొట్టు మీద గది. బయటి నుంచి ఇనుప మెట్లు. లోపల మంచం, స్టవ్వు, పాదంతో తొక్కే కుట్టుమిషను. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గోడకి తాడు కట్టి మూడు గుడ్డలు ఆరేసుకుంది, లోపలే.

"ఎవరూ?"

"నేను."

"అమ్మగారా? పాపకి బాగానే ఉందా?"

"నాతో ఎవరూ రాలేదు. ఒక్కదాన్నే."

కాసేపు చెవి రిక్కించి విన్నది. నిజంగానే ఎవరూ లేరని తేల్చుకున్నాక, "అయితే ఆ మంచం మీద కూర్చో బుల్లీ, కుర్చీ కాలు ఊగుతుంది" అంది.

నేను ముందు అడిగింది ఆపరేషన్ గురించి కాదు. "కొట్లో నీకేమైనా పెట్టేవాళ్ళా?" అన్నాను.

"ఏ కొట్లో?"

"టైలరు కొట్లో."

"వాడా?" అక్క నవ్వింది. "ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడు కాదు. ఇప్పుడెందుకొచ్చాడు వాడు మధ్యలో?"

"మరి రోజూ తిన్నానని చెప్పేదానివి."

"చెప్పేదాన్ని. నువ్వు నమ్మేదానివి. అప్పుడు నీకు నమ్మడమే కావాలి."

నవల గురించి చెప్పాను. పేజీ 268 గురించి చెప్పాను. ఏడ్చాను. ఫారం మీద చెల్లెలినని రాసి సంతకం పెడతానన్నాను. అక్క నేను ఆగేదాకా విన్నది. ఓదార్చలేదు.

"అంటే, పుస్తకం చదివి నీకు ఏడుపొచ్చింది కాబట్టి నేను అక్కనయిపోయానా? పాప ఆ పుస్తకం కాలేజీలో తిరిగిచ్చేస్తే?"

"అలా అనకు."

"ఎలా అనాలే? ఆసుపత్రిలో రాస్తే ఆ నర్సుకి తెలుస్తుంది. ఆవిడ మొహం మనం మళ్ళీ చూడం. తర్వాత నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడ పడుకోబెడతావు? వెనక వరండాలోనా? పాప వచ్చి చుక్కలు వేస్తూ సూదమ్మా అంటుంది. నేను నిన్ను అమ్మగారూ అనాలి. ఇన్నేళ్ళూ అన్నాను. మొన్న ఆసుపత్రిలో నువ్వు రాసింది ఆ నర్సు పైకి చదివింది చూడు, అప్పటి నుంచి ఆ పిలుపు నోటికి రావడం లేదు. ఇందాక అన్నది ఆఖరుసారి."

"నేను ఏం చేయాలో చెప్పు."

"ఇంట్లో చెప్పు. నేను లేనప్పుడు చెప్పు. నన్ను చూసి జాలిపడి ఒప్పుకోకూడదు. చెప్పాక నీ కొడుకు వచ్చి, పెద్దమ్మా అని పిలిస్తే వస్తా. లేకపోతే జూలై వరసలో నా పేరు ఉంది కదా."

"జూలై దాకా ఆ కన్ను ఆగదు."

"తెలుసు. డాక్టరు చెప్పింది నాకే."

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. "మెట్లు చూసుకో, ఏడోది విరిగింది" అని నాకు చెప్పింది. కళ్ళున్నది నాకు.

మార్చి 14, శుక్రవారం

ఈరోజు చెప్పాలి. కొడుకు ఆఫీసు తొందరలో ఉన్నాడు. కోడలికి తలనొప్పి. ఇలాంటివి హడావిడిలో చెప్పే విషయాలు కావు.

మార్చి 15, శనివారం

కొడుకు తొందరలో లేడు. కోడలికి తలనొప్పి లేదు.

భోజనాల దగ్గర, "ఆ నవల గురించి ఒక మాట" అని మొదలుపెట్టాను. అందరూ చూశారు. పది నిమిషాలు మాట్లాడాను. శిల్పం గురించి, శైలి గురించి. చాలా బాగా మాట్లాడానని మనవరాలు అంది.

మార్చి 16, ఆదివారం

ఉదయం మనవరాలు వ్యాసం తెచ్చింది. ఎనిమిది పేజీలు. ఎర్రపెన్సిలు తీసి హాల్లో బల్ల దగ్గర కూర్చున్నాను. కొడుకు పేపరు చదువుతున్నాడు. కోడలు బట్టలు మడత పెడుతోంది. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మొదటి ఆరు పేజీల్లో చిన్నచిన్న తప్పులు. ఏడో పేజీలో ఇలా ఉంది: "ఈ నవలలోని పొరపాట్లను మా నానమ్మ ఎత్తి చూపింది. ఆమె పేదరికాన్ని దగ్గరగా చూసిన వ్యక్తి, కానీ అనుభవించలేదు. అందుకే ఆమె చూపు నిష్పక్షపాతమైనది."

"కానీ అనుభవించలేదు" అన్నదాన్ని కొట్టేశాను. పెన్సిలు ఆగలేదు. దాని తర్వాతి వాక్యం కూడా కొట్టేశాను.

మనవరాలు భుజం మీదుగా చూస్తోంది. "అది ఎందుకు కొట్టేశావు? అందులో తప్పేముంది?"

"తప్పే."

"భాష తప్పా?"

"కాదు. విషయం."

ఆ తర్వాత చెప్పాను. వరసగా చెప్పాను, తేదీలతో సహా. నాన్న మోసిన బస్తాలు, కుళాయి వరస, చాప కింద బట్టలు, హాస్టల్ గది, మంచినీళ్ళ గ్లాసులు, రేపటి ఆపరేషన్, అక్క పెట్టిన షరతు. సూదమ్మ మీ పెద్దమ్మ అని కొడుకుతో అన్నాను. నా గొంతు రిపోర్టు చదువుతున్నట్టే ఉంది. దానికి కూడా సిగ్గేసింది.

కొడుకు పేపరు మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు. "నాకు పదేళ్ళప్పుడు" అని ఆగాడు. "ఆటల్లో చొక్కా చిరిగితే ఆవిడ మీదికి విసిరాను. 'ఏయ్, సాయంత్రానికి కావాలి' అన్నాను. నువ్వు అక్కడే ఉన్నావమ్మా. నన్ను ఏమీ అనలేదు."

"ఉన్నాను" అన్నాను.

"అందరినీ అన్నిటికీ తిట్టేదానివి. దానికి మాత్రం తిట్టలేదు."

కోడలు చేతిలోని తువ్వాలు కింద పెట్టింది. ఆమె గొంతు పెంచదు, ఎప్పుడూ పెంచలేదు. "నేను ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళు అత్తయ్యా. మా అమ్మావాళ్ళు ఒక్క గదిలో ఉండేవాళ్ళని మీరు ఎన్నిసార్లు అన్నారో నాకు లెక్కుంది. అది వదిలేయండి. ఆవిడకి గ్లాసు వేరే పెట్టమన్నది మీరు. నేను వద్దన్నాను, గుర్తుందా? మన ఇంటి పద్ధతి అదేనన్నారు."

గుర్తుంది. తేదీ కూడా గుర్తుంది.

మనవరాలు అన్నది అన్నిటికన్నా చిన్న మాట. "ఆవిడకి నేను పేదరికం అంటే ఏంటో వివరించాను నానమ్మా. అర్థమవుతోందా అని అడిగాను. నువ్వు లోపల కూర్చుని విన్నావు." వ్యాసం తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు ఇప్పటిదాకా తెరుచుకోలేదు. నాలుగైంది.

ఎవరూ నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే సరైనది. ఓదారుస్తారేమోనని కాసేపు ఎదురుచూశాను, అది కూడా రాసి పెడుతున్నాను.

ఇందాక కొడుకు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా అడిగాడు. "రేపు ఎన్నింటికి?"

జరగవలసినవి:

1. రేపు ఉదయం ఆరున్నరకి బయలుదేరాలి. కొడుకు, నేను. ఏడో మెట్టు సంగతి వాడికి ముందే చెప్పాలి.

2. పైకెక్కి పిలవాల్సింది వాడు. నేను కిందే ఉండాలి. ఆమె మొదట వినే గొంతు నాది కాకూడదు.

3. రానంటే వాదించకూడదు, ఏడవకూడదు. నర్సుకి ఫోన్ చేసి ఈ నెలలోనే ఇంకో తేదీ అడగాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళాలి.

4. వస్తే, కొత్త ఫారం అడిగి తీసుకోవాలి. పాతదాని మీద దిద్దకూడదు. సంబంధం: చెల్లెలు.

5. నా గదిలో కిటికీ పక్క మంచం ఆమెది. చుక్కలమందు 6, 9, 12, 3, 6, 9 గంటలకి. వేయాల్సింది నేను. మనవరాలు తనంతట తాను అడిగితే ఒక పూట ఇవ్వవచ్చు.

6. కోడలి పుట్టింటిని నేను అందరి ముందూ అన్నాను. కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే. ఒంటరిగా వంటింట్లో చెప్పి తప్పించుకోకూడదు.

7. మనవరాలు ఎప్పుడు మాట్లాడాలో మనవరాలే తేల్చుకుంటుంది. తలుపు తట్టకూడదు.

8. ఆపరేషన్ గది బయట బల్లలన్నీ నిండి ఉంటాయి. ఎవరో ఒకరు నన్ను గుర్తుపట్టవచ్చు, ఆఫీసువాళ్ళు కావచ్చు, వీధివాళ్ళు కావచ్చు. నర్సు తలుపు తీసి, పేషెంటు తాలూకు ఎవరని అరుస్తుంది. మొదటి పిలుపుకే లేచి నిలబడాలి.